ఆడమ్సా, స్టీవెన్సా: ముందు ఎవరి గురించి చదవాలి?

బానిసత్వంపై అమెరికా కాంగ్రెస్‌లో సాగిన పోరు తెలుసుకోవాలంటే ప్రతినిధుల సభలో బానిసత్వాన్ని ఎదిరించిన ఈ ఇద్దరిలో ఎవరితో మొదలుపెట్టాలి?

ఖర్చు: జాన్ క్విన్సీ ఆడమ్స్ డైరీ ఆన్‌లైన్‌లో ఉచితం. థాడియస్ స్టీవెన్స్ సభా ప్రసంగాలూ అంతే.

శ్రమ: ఆడమ్స్ డైరీ అరవై ఏళ్లకు పైబడినది, మొత్తం చదవాలనుకుంటే తల ప్రాణం తోకకొస్తుంది. 1836 నుంచి చూడండి చాలు. బానిసత్వ వ్యతిరేక అర్జీలను చర్చించకుండానే పక్కన పడేసే నిబంధన ఆ ఏడే వచ్చింది. అమెరికా మాజీ అధ్యక్షుడై ఉండీ, ఆడమ్స్ పట్టు వదలకుండా అర్జీలు తెస్తూనే ఉన్నాడు. 1844లో ఆ నిబంధన రద్దయింది. 1848లో సభలోనే కుప్పకూలి, రెండు రోజులకు స్పీకర్ గదిలో కన్నుమూశాడు. స్టీవెన్స్‌కి 1866–68 ప్రసంగాలు చాలు.

రిస్క్: స్టీవెన్స్‌ను కొందరు రాక్షసుడన్నారు, కొందరు మహాత్ముడన్నారు. ఒక్క పుస్తకం నమ్మొద్దు.

సభా నిబంధనల పోరు కావాలంటే ఆడమ్స్. మాజీ బానిసలకు పౌరసత్వం ఇచ్చిన 14వ రాజ్యాంగ సవరణ, అప్పటి అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ అభిశంసన కోసమైతే నేరుగా స్టీవెన్స్.