పంటు ఎక్కితే పలకరింపు, వంతెన ఎక్కితే పరుగు

గోదావరి జిల్లాల మర్యాద గురించి తెలుగునాట కొత్తగా చెప్పేదేముంది. కొత్తల్లుడు సంక్రాంతికి వస్తే వందల రకాలు వండి బల్ల నిండా పరిచిన ఫోటోలు ప్రతి జనవరిలోనూ మనందరి ఫోన్లలోకీ వస్తాయి. మాది అనంతపురం వైపు. మావాళ్ళకి ఈ గొప్పలు వింటే కొంచెం ఒళ్ళు మంట. "అండీ అండీ అంటే అయిపోతుందా? బండి ఆగిపోతే దిగి తోసేవాడు కదా మంచోడు" అంటాడు మా చిన్నాయన. ఆ మాట చెవిలో పెట్టుకునే నేనూ మా ఆవిడా డెల్టా తిరిగాం. రాజమండ్రిలో దిగి అమలాపురం, డిండి, నరసాపురం, అంతర్వేది చూసుకుని భీమవరం దాకా. అమలాపురానికి ఇంకా రైలు లేదు కాబట్టి ఎక్కువగా ఆర్టీసీ బస్సులూ ఆటోలే.

ముందు బసల సంగతి. డిండిలో ఒక రిసార్టులో దిగాం. బాల్కనీ ముందు గోదారి పాయ వశిష్ఠ, చుట్టూ కొబ్బరిచెట్లు, వచ్చినవాళ్ళందరూ "అచ్చం కేరళేనండీ" అనుకోవడం. చూడ్డానికి వంక పెట్టలేం. గీజర్ పనిచెయ్యట్లేదని చెబితే కౌంటర్లో కుర్రాడు "ఇప్పుడే పంపిస్తానండి" అన్నాడు. మళ్ళీ వెళ్ళి అడిగితే "అయ్యయ్యో, ఇంకా రాలేదాండీ?" అని మాకన్నా ఎక్కువ బాధపడ్డాడు. మర్నాడు గది ఖాళీ చేసేదాకా ఎవరూ రాలేదు. అంత మెత్తగా మాట్లాడే మనిషి మీద కోప్పడదామన్నా నోరు రాదు, అదీ చిక్కు.

భీమవరంలో లాడ్జి దీనికి పూర్తిగా తలకిందులు. రొయ్యల మేత కంపెనీల వాళ్ళు, చెరువుల మీద తిరిగే బ్రోకర్లు దిగే లాడ్జి అది. యాత్రికుల్ని బుజ్జగించాల్సిన అవసరం వాళ్ళకి లేదు. మేనేజరు టీవీ మీంచి చూపు తిప్పకుండా "ఆధార్" అన్నాడు, అంతే. ఆ రాత్రి మా ఆవిడకి జ్వరం తగిలింది. కిందికి దిగి చెబితే ఆయన మాట్లాడకుండా లేచి, పక్కన షట్టరు వేస్తున్న మెడికల్ షాపువాణ్ణి కేకేసి ఆపి మాత్రలు తెప్పించాడు. ఫ్లాస్కులో వేడినీళ్ళు పైకి పంపించాడు. పొద్దున బిల్లులో అవేవీ లేవు. థాంక్స్ చెబితే "తాళం ఇచ్చెళ్ళండి" అన్నాడు. మా చిన్నాయనకి తెగ నచ్చే మనిషి.

సేవల మాట అలా ఉంచితే, డెల్టాలో నన్ను నిజంగా కట్టిపడేసింది పంటు, అంటే మనుషుల్నీ బళ్ళనీ కలిపి ఎక్కించుకుని నది దాటించే బల్లకట్టు లాంటి పెద్ద పడవ. నరసాపురం మాధవాయిపాలెం రేవు నుంచి వశిష్ఠకి అవతలున్న సఖినేటిపల్లికి వెళ్ళే పంటు. రోడ్డున పోవాలంటే చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరగాలి. వంతెన మీద ఏసీ కారులో పోతే నది కనబడుతుంది, మనిషి కనబడడు. పంటు అలా కాదు. అది అవతలి ఒడ్డు నుంచి వచ్చేదాకా రేవులో నిలబడాలి. వచ్చాక బైకులు, ఆటోలు, కార్లు ఒకదాని సందులో ఒకటి ఇరికిస్తారు. "ఇంకొంచెం ముందుకి, ఇంకొంచెం, చాలు చాలు" అని పంటు నడిపే సరంగు అరుస్తుంటాడు. డీజిలు వాసన, చేపల గంపల వాసన. ఎవరూ ఎక్కడికీ పోలేరు కాబట్టి మాటలు మొదలవుతాయి.

నా పక్కన నిలబడ్డ పెద్దావిడ చేతిలో లేసు అల్లిక. మా వైపు తలెత్తినా ఆమె సూది మాత్రం ఆగలేదు. "ఎందాకా బాబూ?" అంతర్వేది అన్నాను. "దర్శనానికా? పిల్లలెంతమంది? అమ్మాయి నీరసంగా ఉందేం, టిఫిను చేశారా?" ఇవన్నీ ఒక్క గుక్కలో. మా ఆవిడ నవ్వేసింది. మాటలు కలపాలని, నరసాపురం లేసుకి 2024లో జీఐ గుర్తింపు, అదే ఫలానా ఊరి సరుకని ప్రభుత్వం ఇచ్చే ముద్ర, వచ్చిందట కదా అన్నాను. "వచ్చిందటండీ. రేటు మాత్రం ఇంకా దారిలో ఉందట" అంది, మొహంలో నవ్వు కూడా లేకుండా. పక్కనున్న నలుగురూ నవ్వారు. అవతలి ఒడ్డుకి చేరేసరికి మేం ఎక్కాల్సిన ఆటో ఎవరిదో, ఎంత ఇవ్వాలో, ఏ హోటల్లో తినకూడదో అన్నీ తేల్చేసింది.

నాకు తట్టిన లెక్క ఇదే. ఇక్కడ మనుషులు కలిసేది ఆగక తప్పని చోట. కోటిపల్లి, ముక్తేశ్వరం మధ్య రేవు కూడా అంతే. జాతీయ రహదారి మీదున్న రావులపాలెంలో అరటిగెలల లారీల మధ్య బస్సు మారుతుంటే ఒక్కరు కూడా మొహంలోకి చూడలేదు. మనుషులు అక్కడా గోదారోళ్ళే, తీరికే లేదు. ఎదుర్లంక నుంచి యానాంకి 2002లో వచ్చిన వంతెన మీదుగా చిటికెలో దాటేశాం. అది పుదుచ్చేరి పాలన కింద ఉన్న ఊరు. గోదారి గట్టు బాగుంది, బోట్లు బాగున్నాయి, మాట్లాడిన మనిషి లేడు. సాయంత్రం అక్కడికి వచ్చేవాళ్ళలో చాలామంది ధ్యాస మందు షాపుల మీదే.

డొక్కా సీతమ్మ గారి కథ కూడా ఈ లెక్కలోకే వస్తుందనిపించింది. 1841లో పుట్టి 1909లో పోయిన ఆమె లంకల గన్నవరంలో వేళ కాని వేళ వచ్చినవాళ్ళకి కూడా అన్నం పెట్టింది. ఒకసారి అంతర్వేది తీర్థానికి బయల్దేరిందట. దారిలో ఆకలితో నకనకలాడుతున్న పెళ్ళివారు "గన్నవరం చేరితే సీతమ్మ గారు పెడతారులే" అని పిల్లల్ని ఊరడించడం విని, అట్నుంచటే వెనక్కి తిరిగి వంట మొదలెట్టిందని చెబుతారు. గోదారి పాయలు దాటుకుంటూ పోయేవాళ్ళు ఆగే చోట ఆ ఇల్లుంది. కాలువని గోదారి పాయ మీదుగా దాటించే గన్నవరం అక్విడక్టుకీ, 2024 నుంచి బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికీ ఆమె పేరే. అయితే పెట్టడానికి చెయ్యి ఉంటే చాలదు, గాదెలో ధాన్యం కూడా ఉండాలి. కాటన్ దొర 1847 నుంచి 1852 దాకా ధవళేశ్వరంలో ఆనకట్ట కట్టించాకే కదా ఈ నేల ఇంత పండింది. నీళ్ళు చూడని మా సీమ పల్లెల్ని దీనితో పోల్చి "వాళ్ళు మొరటు" అనేవాళ్ళని చూస్తే నాకు చిరాకు. మా వైపు కొత్తవాణ్ణి తొందరగా పలకరించరు, నిజమే. అడ్రసు అడిగితే మాత్రం బండి తీసి ఊరి చివరిదాకా దారి చూపిస్తూ వస్తారు.

ఇంకో పాయ వైనతేయ ఒడ్డున అప్పనపల్లి బాల బాలాజీ గుడిలో మధ్యాహ్నం ఉచిత భోజనం చేశాం. వడ్డించే ఆయన మా ఆవిడ విస్తరి వైపు చూసి "పులుసు వదిలేస్తే ఎలాగమ్మా" అని కసిరాడు. ఇలా కసిరే చనువు డబ్బు కట్టిన హోటల్లో దొరకదు. పూతరేకుల ఊరు ఆత్రేయపురంలో ఇంకో రకం. బోర్లించిన కుండ కింద కొబ్బరాకుల మంట, పల్చటి గుడ్డని బియ్యప్పిండి నీళ్ళలో ముంచి కుండ మీద ఒక్క లాగు లాగితే కాగితం కన్నా పల్చగా రేకు లేచొస్తుంది. నేను ఫోన్ తీశాను. "తీసుకోండి బాబూ, వీడియోలు తీసినవాళ్ళందరూ తలో డబ్బా కొంటే మేం ఈపాటికి మేడ కట్టేవాళ్ళం" అంది రేకులు తీసే ఆవిడ పొగలోంచి. కొన్నాం మరి.

అంతర్వేదిలో సెలవుల రద్దీకి ఆటోవాళ్ళ రేట్లు చెట్టెక్కి ఉన్నాయి. వశిష్ఠ సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ళ గట్టు దాకా పడవ మాట్లాడేటప్పుడు బేరం గట్టిగానే ఆడండి. మొహమాటపడితే మీకే నష్టం.

ఒక విషయం చెప్పకుండా ఉండలేను. అమలాపురంలో టీ కొట్టు దగ్గర రెండో మాటకే "ఎవరి తాలూకండీ?" అని అడిగారు. ఊరు చెబితే తృప్తిపడలేదు, ఇంటిపేరు అడిగారు. ఆ జవాబుని బట్టి పలకరింపు వేడి మారుతుందేమోనన్న అనుమానం నాకు పోలేదు. ఇదే ఊళ్ళో 2022 మే 24న, కోనసీమ జిల్లాకి అంబేద్కర్ పేరు పెట్టడం మీద గొడవ జరిగి ఒక మంత్రి ఇల్లు, ఒక ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టారు. వచ్చిపోయే చుట్టాల్ని ఎలా చూస్తారన్నది ఒకటి, పక్కవీధి వాళ్ళని ఎలా చూస్తారన్నది ఒకటి. యాత్రకి వెళ్ళినవాడికి కనబడేది మొదటిదే. "ఫలానా ప్రాంతం వాళ్ళు మంచివాళ్ళు" అని మనం తీర్పు చెప్పేది కూడా దాన్ని చూసే.

వెళ్ళాలనుకునేవాళ్ళకి: అమలాపురంలోనో నరసాపురంలోనో మామూలు లాడ్జి చూసుకుని పగలంతా తిరగడం మేలు. డిండిలో ఒక్క రాత్రి చాలు. గోదారికి వరదలొస్తే పంటు ఆపేస్తారు, రేవు దాకా పోయేముందు కనుక్కోండి. సముద్రంలోని ఇలస చేప గోదారికి ఎదురీది పులస అయ్యేది కూడా ఆ వరద రోజుల్లోనే. ఒడిశా ఐస్ పెట్టెల్లోంచి దిగిన ఇలసని పులసని చెప్పి అమ్మేవాడు కూడా అంతే ఆప్యాయంగా పిలుస్తాడు. కాబట్టి కొనేటప్పుడు పక్కన స్థానికులెవరైనా ఉండేలా చూసుకోండి.