ఎంసీల్: ఏ లీకుకు పనికొస్తుంది, ఏ లీకుకు దండగ

హైదరాబాద్‌లో ఏ గల్లీ హార్డ్‌వేర్ షాపుకెళ్లి పైపు కారుతోందన్నా ముందు చేతికొచ్చేది ఎంసీల్ ప్యాకెట్టే, అంటే రెండు ముద్దలు కలిపి పిసికి చిల్లు మీద అదిమితే గట్టిపడే అతుకు ముద్ద. సరుకు మంచిదే. పెట్టకూడని చోట పెట్టి, నాలుగు రోజులకు ఊడిపోతే దాన్ని తిట్టుకుంటున్నాం. పెట్టాల్సిన చోట పెడితే ఐదుకు నాలుగు మార్కులు ఇవ్వొచ్చు.

కొనేముందు కారేది ఎక్కడో తేల్చుకోవాలి. జలమండలి (నగర నీటి సరఫరా బోర్డు) నీళ్లు సంపులోకి వచ్చి, అక్కడి నుంచి మోటారుతో పై ట్యాంకుకు ఎక్కే ఇళ్లకు మీటరు చెప్పేది సంపు దాకా ఉన్న లైను సంగతే. నీళ్లు వదిలిన వేళ సంపులో బాల్ వాల్వు బంతిని పైకెత్తి పట్టుకోండి, ఆ లైను మీదున్న కుళాయిలు కట్టేయండి. అప్పుడూ మీటరు తిరుగుతోందంటే ఆ వాల్వయినా సరిగా మూసుకోవడం లేదు, మధ్యలో పైపయినా కారుతోంది. ఉచిత నీటి పథకం కింద ఉన్న ఇంటికి మీటరు దాటాక కారే నీళ్లన్నీ నెలకిచ్చే 20 వేల లీటర్ల లెక్కలోకే పోతాయి.

ఇంటి లోపలి లైనుకు ఒక కర్ర చాలు. రాత్రి ఆఖరున పై ట్యాంకు అడుగుదాకా దించి, తడి ఎక్కడి వరకు ఉందో గీత పెట్టండి. తెల్లారి కుళాయి తిప్పకముందే, మోటారు వేయకముందే మళ్లీ దించండి. 110 సెంటీమీటర్ల వెడల్పున్న గుండ్రటి ట్యాంకులో ఒక్క సెంటీమీటరు తగ్గిందంటే దాదాపు తొమ్మిదిన్నర లీటర్లు పోయినట్టు. తగ్గితే ముందు అనుమానించాల్సింది ఫ్లష్ ట్యాంకును. అందులో చిటికెడు ఫుడ్ కలర్ వేసి 20 నిమిషాలు వదిలేయండి. ఫ్లష్ చేయకుండానే కమోడ్‌లో రంగు కనిపిస్తే లోపలి రబ్బరు వాషరు పోయిందని అర్థం. దానికి ఎంసీల్‌తో పనిలేదు, వాషరు మార్చాలి.

ఎంసీల్ సత్తా చూపించేది జీఐ పైపు మీద, అంటే జింకు పూత వేసిన ఇనుప పైపు మీద. తుప్పు పట్టి పడిన సన్న చిల్లు, ఇనుప ఎల్బో (పైపు మలుపు ముక్క) దగ్గరి చెమ్మ, నీటి ఒత్తిడి లేని డ్రెయిన్ పైపు జాయింటు దీనికి సరైన చోట్లు. గేట్ వాల్వు కట్టి, కింది కుళాయి తిప్పి లైను ఖాళీ చేయాలి. బోరు నీళ్లు వాడే ఇళ్లలో కారే చోట తెల్లటి ఉప్పు పెచ్చు కడుతుంది. పని చెడేది ఎక్కువగా ఇక్కడే. ఎంసీల్ ఆ పెచ్చుకు అతుక్కుంటుంది, పెచ్చు పైపును వదిలేస్తుంది, రెండూ కలిసి బిళ్లలా ఊడి చేతికొస్తాయి. బ్లేడుతో గీకి, ఎమరీ పేపరుతో లోహం మెరిసేదాకా రుద్ది, పొడిగుడ్డతో తుడవాలి.

రెండు ముద్దలనూ సమానంగా తుంచి, గ్లౌజు వేసుకుని పిసకండి. రంగు చారలు ఒక్కటి కూడా కనిపించకూడదు. చార మిగిలిన చోట అది గట్టిపడదు, గోరు దిగుతుంది. చిల్లు మీద గట్టిగా అదిమి, చుట్టూ అంగుళం దాకా పరిచి, అంచులను తడి వేలితో పలచగా దిద్దాలి. ఎండాకాలం తొందరగా బిగుస్తుంది కాబట్టి కొంచెం కొంచెంగానే కలపండి. లైను ఒక రోజంతా కట్టేసి ఉంచడం మంచిది. సాయంత్రానికే నీళ్లు వదిలితే లోపలి ఒత్తిడికి సందు దొరుకుతుంది.

ఇక దండగయ్యే చోట్లు. ప్లాస్టిక్ నీళ్ల ట్యాంకు పాలిథిన్‌తో చేసింది, దానికి ఎంసీల్ పట్టదు. ట్యాంకుకు పైపు తగిలించే నిపుల్ దగ్గర కారితే నిపుల్ విప్పి వాషర్లు మార్చాలి. గీజరుకు వెళ్లే సీపీవీసీ (వేడినీళ్లకు వాడే ప్లాస్టిక్) పైపు వేడికి సాగుతుంది, చల్లారితే ముడుచుకుంటుంది, పైన పూసిన ముద్ద అలా సాగలేక అంచుల దగ్గర విడిపోతుంది. పగిలిన ముక్క కోసేసి, కప్లర్లు (పైపులు కలిపే ముక్కలు) వేసి, సీపీవీసీ సాల్వెంట్‌తో అతికించడమే దారి. సంపు గోడ పగుళ్లకు కూడా ఎంసీల్ మందు కాదు.

అన్నిటికంటే బాధ కలిగించేది కుళాయి మరల మీద ఎంసీల్ మెత్తడం. రేపు కుళాయి మార్చాలంటే హ్యాక్సా బ్లేడుతో కోయాలి, గోడలోని ఎల్బో కూడా చెడొచ్చు, అప్పుడు టైల్ పగలగొట్టాలి. అక్కడ కావాల్సింది టెఫ్లాన్ టేపు. మర మీది పాత టేపు, సఫేదా (మరకు పూసిన తెల్ల ముద్ద) గీకేసి, మర బిగిసే దిక్కులోనే లాగి పట్టి పది చుట్లు చుట్టాలి. ఎదురు దిక్కులో చుడితే బిగించేటప్పుడే చుట్లు విడిపోతాయి.

చిన్న ప్యాకెట్టే కొనండి, ఒక జాయింటుకు అది సరిపోతుంది. షాపులోనే రెండు ముద్దలనూ నొక్కి చూడండి, ఏది గట్టిపడినా తీసుకోవద్దు. మిగిలింది దాచాలంటే రెండూ ఒకదానికొకటి తగలకుండా విడివిడిగా కవరులో చుట్టి, ఎండ తగలని చోట పెట్టండి.