పోస్ట్ వైరల్ క్లినిక్: నిలబడే పరీక్షకు నా ఓటు, ఖరీదైన ప్యాకేజీకి కాదు

కోవిడ్ తగ్గి ఏడు నెలలైనా, రెండంతస్తులు ఎక్కితే మరుసటి రోజంతా మంచం దిగలేని స్థితిలో ఈ క్లినిక్‌లో చేరాను. వైరల్ జబ్బు తర్వాత వదలని నీరసానికి, గుండెదడకు, మతిమరుపుకు మూడు నెలల పాటు చికిత్స చేసే కార్యక్రమం ఇది. నాది పూర్తయింది కనుక, చేరాలా వద్దా అని ఆలోచిస్తున్నవారి కోసం రాస్తున్నాను.

మొదటి రోజు డాక్టరుగారు హడావిడి పడలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన నిర్వచనం ప్రకారం, జబ్బు మొదలై సుమారు మూడు నెలలు గడిచినా లక్షణాలు ఉండి, అవి కనీసం రెండు నెలలు సాగి, వాటికి వేరే కారణం కనబడకపోతేనే దీన్ని లాంగ్ కోవిడ్ అనాలని చెప్పి, ముందుగా థైరాయిడ్, హిమోగ్లోబిన్, షుగర్, బీ12 పరీక్షలు చేయించారు.

ఆ తర్వాతి పరీక్షకు పెద్ద యంత్రమేమీ అక్కరలేకపోయింది. నర్సు నన్ను కాసేపు పడుకోబెట్టి నాడి, బీపీ చూసి, ఆపైన గోడకు వీపు ఆనించి పది నిమిషాలు కదలకుండా నిలబడమని, నిమిషానికొకసారి అంకె రాసుకున్నారు. పడుకున్నప్పుడు 72 ఉన్న నాడి ఎనిమిదో నిమిషానికి 109కి చేరింది, పాదాలు కమిలినట్టు ఊదారంగుకు తిరిగాయి. పెద్దవారిలో బీపీ పడిపోకుండానే నాడి 30 లేదా అంతకు మించి పెరిగితే, నిలబడగానే గుండె వేగం అతిగా పెరిగే 'పాట్స్' అనే సమస్యను అనుమానిస్తారట. అంతకుముందు ఇద్దరు డాక్టర్లు "మీకు గాభరా ఎక్కువ" అని తేల్చేసిన గుండెదడకు కారణం ఆ కాగితం మీద కనబడింది. బీపీ, కిడ్నీ సమస్యలు లేవని చూసుకున్నాక నీళ్లు, ఉప్పు పెంచమన్నారు, నడుము దాకా బిగుతైన మేజోళ్లు తొడుక్కోమన్నారు. ఇప్పుడు నిలబడి స్నానం చేయగలుగుతున్నాను.

నాకు నచ్చనిది రోగనిరోధక పరీక్షల ప్యాకేజీ. దాని వెనకున్న సైన్సు అబద్ధమని కాదు. యేల్ విశ్వవిద్యాలయంలోని అకికో ఇవాసాకి, సహ పరిశోధకులు 2023లో నేచర్ పత్రికలో ప్రచురించిన అధ్యయనంలో, లాంగ్ కోవిడ్ ఉన్నవారిలో కార్టిసాల్ అనే హార్మోను తక్కువగా ఉందని, రోగనిరోధక వ్యవస్థలోని కొన్ని టీ కణాలు అలసిపోయిన లక్షణాలు చూపాయని, ఒంట్లో ఎప్పటినుంచో నిద్రాణంగా ఉన్న ఎప్‌స్టీన్ బార్ వైరస్ మళ్లీ కదిలిన జాడలు ఉన్నాయని తేలింది. అయితే ఇవి ఒక గుంపుకూ మరొక గుంపుకూ మధ్య కనబడిన తేడాలు. ఒక మనిషి రక్తం చూసి ఏ మందు పనిచేస్తుందో చెప్పగల పరీక్ష ఇంకా లేదు. ఈ మాట డబ్బు కట్టించుకునేటప్పుడు కౌంటరులో ఎవరూ చెప్పలేదు. ఆరు పేజీల రిపోర్టులో, ఒంట్లో వాపును సూచించే ఇంటర్‌ల్యూకిన్-6 పక్కన పైకి చూపే బాణం గుర్తు చూసి నాకు రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. తీరా డాక్టరుగారు "జలుబు చేసినా పెరుగుతుందండీ" అంటూ దాన్ని ఫైల్లో పెట్టేశారు.

మందుల విషయంలో ఆయన నిజాయితీని మెచ్చుకోవాలి. కోవిడ్ వైరస్‌ను అణిచే మందు పాక్స్‌లోవిడ్ రాయమని నేనే అడిగాను. స్టాన్‌ఫర్డ్‌లో 15 రోజులు ఇచ్చి చూసిన ప్రయోగం ఫలితాలు 2024లో వచ్చాయని, ఉత్తుత్తి మాత్రకన్నా చెప్పుకోదగ్గ మేలు కనబడలేదని అన్నారు. షుగర్ మందు మెట్‌ఫార్మిన్ కూడా ఇన్‌ఫెక్షన్ మొదట్లోనే వాడినవారిలో లాంగ్ కోవిడ్‌ను సుమారు 41 శాతం తగ్గించిందే తప్ప, అది ఇప్పటికే పట్టుకున్నవారి సంగతి వేరని వివరించారు. చివరికి, వ్యసనాలకు 50 మిల్లీగ్రాములు ఇచ్చే నాల్ట్రెక్సోన్‌ను 1 మిల్లీగ్రాముతో మొదలుపెట్టి 4.5 దాకా పెంచుతూ రాశారు, ఆధారాలు ఇంకా బలంగా లేవని ముందే చెప్పి. ఒళ్లునొప్పులు కొంత తగ్గాయి. అది మందు మహిమో, కాలం మహిమో నాకు తెలియదు.

అసలు పొరపాటు ఫిజియోథెరపీ గదిలో జరిగింది. మూడో వారంలో ఒక కుర్రాడు "ఇంకొంచెం, ఇంకొంచెం" అంటూ నన్ను సైకిల్ తొక్కించాడు. నాలుగు రోజులు లేవలేకపోయాను. శ్రమ తర్వాత కుప్పకూలే ఎంఈ/సీఎఫ్ఎస్ (ఏళ్ల తరబడి వదలని తీవ్ర నీరసపు జబ్బు) రోగులకు వ్యాయామం క్రమంగా పెంచుకుంటూ పోయే పద్ధతి వద్దని బ్రిటన్‌లో చికిత్సా మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2021లోనే చెప్పింది. ఈ కబురు డాక్టరుగారి గది నుంచి పక్క గదికి చేరలేదన్నమాట. ఫిర్యాదు చేశాక మాత్రం వెంటనే పద్ధతి మార్చి, నాడి ఎంత దాటితే కూర్చోవాలో లెక్కకట్టి ఇచ్చారు. ఈ మూడు నెలల్లో నాకు ఎక్కువ మేలు చేసింది ఆ లెక్కే.

నిలబడలేనివారి కోసం పెట్టిన ఈ క్లినిక్‌లో గంటసేపు వేచి ఉండే చోట నడుము వాల్చడానికి వీలులేదు. వాలుకుర్చీ ఒకటైనా వేయించమని రెండుసార్లు రాసిచ్చాను. చివరి రోజు వెళ్లినప్పుడు కూడా అవే ఇనుప కుర్చీలు ఉన్నాయి.