నాయనకీ కొడుక్కీ మాటల్లేనప్పుడు ఆర్డీవో ట్రిబ్యునల్ ఎంత మేరకు పనికొస్తుంది

తండ్రీకొడుకుల మధ్య మాట ఆగిపోతే ఊరి పెద్దమనుషులు కూడా మనకెందుకులే అని తప్పుకుంటున్నారు. ఆ ఖాళీలో మిగిలిన సేవ తల్లిదండ్రుల పోషణ ట్రిబ్యునల్. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమం కోసం తెచ్చిన 2007 చట్టం కింద ఆర్డీవో ఆఫీసులో నడుస్తుంది. కావలి, ఆత్మకూరు, ఒంగోలు, కనిగిరి, ఏ డివిజన్లో ఉండే నాయన అక్కడే అర్జీ ఇచ్చుకోవచ్చు. కొడుకు బెంగళూరులో ఉన్నా తను అంతదూరం పోనక్కర్లేదు. వకీలు లేకుండానే నడుపుకోవచ్చు. కొడుక్కి నోటీసు అందిన 90 రోజుల్లో తేల్చాలి, తప్పనిసరైతే ఒక్కసారి మరో 30 రోజులు పొడిగిస్తారు. పోషణ ఖర్చు నెలకు 10,000 రూపాయలు మించదు.

డబ్బు వరకు మంచి ఏర్పాటే. మాట కలవాలంటే మాత్రం విచారణకు ముందున్న రాజీ మెట్టును పట్టుకోవాలి. 6వ సెక్షన్ ప్రకారం ఆర్డీవో అర్జీని ముందు రాజీ అధికారికి పంపొచ్చు. ఆయన నెలలోపు నివేదిక ఇవ్వాలి. ఒప్పందం కుదిరితే దాన్నే ఉత్తర్వుగా ఇస్తారు. అయితే ‘పంపొచ్చు’ అనే ఉంది, పంపి తీరాలని లేదు. అందుకే ‘ముందుగా రాజీకి పంపమని కోరుతున్నాను’ అనే ఒక్క వాక్యం అర్జీలోనే రాయాలి.

ఎక్కువగా చెడేది రాతలోనే. ఆఫీసు బయట అర్జీలు రాసేవాళ్ల చేతికిస్తే తిట్టాడు, కొట్టబోయాడు, చంపుతానన్నాడు అని అలవాటైన మాటలు చేరిపోతాయి. నోటీసుతో పాటు ఆ కాగితం కొడుకు చేతికి వెళ్తుంది. జరగని మాట అందులో ఒక్కటున్నా రాజీ అక్కడే తెగిపోతుంది. ఎప్పటి నుంచి ఇంటికి రాలేదు, మందులకు నెలకెంత అవుతోంది, ఏం కావాలి, ఇంతే రాయండి. పాత అడ్రసు ఇస్తే నోటీసు తిరిగొచ్చి నెలలు పోతాయి. కొడుకు ఇప్పటి అడ్రసు, ఫోను నంబరు కోడలి పుట్టింటి వాళ్లనడిగైనా కనుక్కోండి. ఇంకో సంగతి: ఇద్దరు కొడుకులుంటే నాయన తరచూ ఒక్కడి పేరే రాస్తాడు. తనకు బాగా ప్రాణమైనవాడి మీదే ఆ కోపం. ఆ కొడుకు రెండోవాడినీ చేర్చమని అడగొచ్చు, చట్టం ఒప్పుకుంటుంది. అప్పుడు గొడవ అన్నదమ్ముల మధ్యకి మారుతుంది. మొదటే ఇద్దరి పేర్లూ రాయడం మేలు.

ఫైల్లోకి రాని కాగితాలు కూడా ఉంటాయి. కొడుకు నాయనకు తెలియకుండా మెడికల్ షాపు బాకీ ఫోన్‌పేలో కట్టుంటాడు. నాయన కొడుకు పేరు ఎత్తకుండానే మనవరాలికని బియ్యం మూట బస్సులో వేసుంటాడు. పౌరుషానికి ఇద్దరూ చెప్పరు. ఆ రసీదులు రాజీ అధికారి ముందు పెట్టాలి. చట్టం దృష్టిలో వైద్యం కూడా పోషణే, పైగా రెండువైపులా మనసు ఎక్కడుందో ఆయనకు అప్పుడే అర్థమవుతుంది.

కొడుకును పలకరించమని ఏ ఆర్డీవో ఉత్తర్వు ఇవ్వలేడు. రాజీ పత్రంలో మాత్రం రాసుకోవచ్చు: పెద్దపండక్కి మూడు రోజులు ఇంటికి రావడం, ఆదివారం ఫోను, కంటి ఆపరేషన్‌కు తోడు. తేదీలతో రాసుకుంటేనే నిలుస్తాయి. ‘బాగా చూసుకుంటాను’ అని రాస్తే అది ఎవరికీ అక్కరకు రాదు.

డబ్బు కట్టకపోతే కొడుక్కి జైలు పడొచ్చన్న మాట వినగానే చాలామంది నాయనలు అర్జీ వెనక్కి తీసుకుంటారు. అంత భయం అక్కర్లేదు. ఉత్తర్వు వచ్చాక కొడుకు సరైన కారణం లేకుండా డబ్బు కట్టకపోయినా, గడువు దాటిన మూడు నెలల్లోగా నాయన ట్రిబ్యునల్‌ను మళ్లీ అడిగితేనే ఆ డబ్బు వసూలుకు వారెంటు వస్తుంది.

పొలమో చెరువో కొడుక్కి దానపత్రం రాసిచ్చినవాళ్లు 23వ సెక్షన్ చూసుకోవాలి. నన్ను చూసుకోవాలన్న షరతు మీద రాసిచ్చి, అది తప్పితే రద్దు కోరవచ్చు. అయితే భూమి వెనక్కి వచ్చాక మాట కలవడం బహు కష్టం. పోషణ, దానపత్రం రద్దు రెండూ ఒకే అర్జీలో కలపకుండా, రాజీ తేలేదాకా రద్దు సంగతి పక్కన పెట్టమనే మా సలహా.

అర్జీ దాకా పోవడానికి మనసొప్పకపోతే ముందు 14567కి ఫోను చేయండి. పెద్దవాళ్ల కోసం పెట్టిన ఉచిత నంబరు, ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు పలుకుతారు.