అమీర్‌పేటలో లినక్స్ క్లాసు: టైమ్ జోన్ పాఠం కోసమైనా వెళ్లండి

మైత్రీవనం దగ్గర ఒక చిన్న ఇన్‌స్టిట్యూట్‌లో వారాంతాల్లో లినక్స్ (విండోస్‌లాగే కంప్యూటర్‌ని నడిపించే సాఫ్ట్‌వేర్) నేర్చుకున్నాను. అమెరికాలో మార్చి నెలలో గడియారాలు గంట ముందుకు జరుపుతారు కాబట్టి అక్కడి వాళ్లతో మీటింగులు గంట అటూ ఇటూ అయిపోయి ఏటా టెన్షనే, అందుకే సార్ కోల్‌కతా టైమ్ జోన్ ఫైలు తెరిచి (ఆ ప్రాంతంలో టైమ్ ఎంతో కంప్యూటర్‌కి చెప్పే ఫైలు, మన హైదరాబాద్‌కీ అదే) ఒక్కో బైటూ విప్పి చెబుతుంటే కళ్లార్పకుండా చూశాను. మొదట టీ, జెడ్, ఐ, ఎఫ్ అనే నాలుగు అక్షరాలు. వాటితో మొదలయ్యే హెడర్, అంటే ఫైలు ముందు భాగం, మొత్తం 44 బైట్లు. ఆ తర్వాత గడియారం ఎప్పుడెప్పుడు మారిందో 1970 జనవరి 1 నుంచి లెక్కపెట్టిన సెకన్లలో ఉంటుంది, అంతకు ముందువైతే మైనస్‌లో. ఆ సెకన్లను 32 బిట్లలో (32 సున్నాలు, ఒకట్లలో) రాస్తే లెక్క 2038తో ఆగిపోతుంది కాబట్టి 64 బిట్లలో మళ్లీ రాస్తారు. మన ఐదున్నర గంటలు అందులో 19800 సెకన్లు! రెండో ప్రపంచ యుద్ధంలో మన గడియారాన్ని గంట ముందుకు జరిపారని తాతయ్య చెబితే నమ్మలేదు, ఆ మార్పు కూడా ఫైల్లో కనిపించింది. ఎంత సంతోషమేసిందో.

సిస్టమ్‌లు మాత్రం ఇద్దరికొకటి, అవీ నెమ్మది. మీ ల్యాప్‌టాప్ తీసుకెళ్లండి, ఫీజు రసీదు అడిగి మరీ తీసుకోండి.