"మనోళ్లే అక్కా" అన్నాడు, ఉప్పల్ దగ్గర నా సామాను ఆపేశాడు

జనగామ, భువనగిరి, సూర్యాపేట లాంటి ఊళ్ల నుంచి హైదరాబాద్‌కి ఇల్లు మారుతున్నారా? ప్యాకర్స్ అండ్ మూవర్స్‌కి ఫోన్ చేసే ముందు ఇది చదవండి. నాకు జరిగింది మొన్న జూన్‌లో. 11,000కి మాట్లాడుకున్న పనికి 19,500 కట్టాను. పోయిన వస్తువులు వేరే లెక్క. కంపెనీ పేరు రాయడం లేదు. రాసినా ఉపయోగం లేదు, తర్వాత వెతికితే అదే ఫోన్ నంబరు మూడు పేర్లతో కనిపించింది.

ముందు ఊరి సంగతి కాస్త చెప్పాలి, మోసానికి దారి అక్కడే పడింది. విడాకులయ్యాక మా పాపతో నాలుగేళ్లు జనగామలో ఉన్నాను. ఇల్లు అద్దెకు అడిగితే మొదట "ఏ కులపోళ్లమ్మా?" అంటారు, తర్వాత "సార్ ఏం చేస్తరు?" అంటారు. రెండోదానికి జవాబు వినగానే "మా చుట్టాలు వస్తామన్నరు" అని తలుపేస్తారు. అదే సికింద్రాబాద్ పక్క లాలాగూడలో ఇల్లు చూడ్డానికి వెళ్తే, ఓనర్ అంకుల్ అడిగింది ఒక్కటే: పొద్దున్నే మోటరు వేయడం మీకు కుదురుతుందా అని. ఆయన తమిళాయన, రైల్వే వర్క్‌షాపులో రిటైరయ్యారు. పై వాటాలో ఒక ఆంగ్లో ఇండియన్ ఆంటీ, పక్కింట్లో కేరళ నర్సులు. ఎనభై ఐదు కిలోమీటర్ల దూరంలో ఇంత తేడా ఉంటుందా అనుకున్నాను.

ఆ సంతోషంలోనే ఇంటర్నెట్‌లో మొదట కనిపించిన నంబరుకి ఫోన్ చేశాను. అది ప్రకటన అని కూడా గమనించలేదు. అవతలతను సామాను ఎంతుందని అడగలేదు. "ఇంటిపేరేంటక్కా?" అన్నాడు. చెప్పాను. "అయ్యో, మనోళ్లే! మీ దగ్గర ఎక్కువ తీసుకుంటనా?" అన్నాడు. ఏ ఆరాలు భరించలేక ఊరు వదులుతున్నానో, అదే ఆరాకి నేనే కరిగిపోయాను. ఒక్క కాగితం అడగలేదు. 2,000 అడ్వాన్స్ ఫోన్‌పే చేశాను, అదీ కంపెనీ ఖాతాకి కాదు, ఎవరో మనిషి పేరు మీదికి.

పొద్దున ఏడింటికి రావాల్సిన డీసీఎం వ్యాన్ మధ్యాహ్నం ఒంటిగంటకి వచ్చింది. హమాలీలు గిన్నెల్ని మా దుప్పట్లలోనే మూటకట్టారు. బబుల్ షీట్ ఒక్క టీవీకే చుట్టారు. నేనూ పాపా ఆర్టీసీ బస్సులో ముందు బయల్దేరాం. రాత్రి తొమ్మిదింటికి కొత్త నంబరు నుంచి ఫోన్. "బండి ఉప్పల్‌లో ఉంది మేడం. సామాను ఎక్కువైంది, హాల్టింగ్ ఛార్జీ, ఇన్సూరెన్స్ అన్నీ కలిపి 26,000 అవుతుంది. కట్టకపోతే గోడౌన్‌లో దింపేస్తాం." పొద్దున అక్కా అన్న మనిషి మాత్రం ఫోన్ ఎత్తలేదు.

పాపని పై ఆంటీ దగ్గర ఉంచి, అంకుల్ స్కూటర్ మీద ఉప్పల్ వెళ్లాం. నేను ఏడుపు ఆపుకుంటుంటే ఆయన అరవకుండా, గొడవ పడకుండా బండి నంబర్ ప్లేటు, డ్రైవర్‌నీ వీడియో తీశారు. "బిల్టీ చూపించు బాబూ" అన్నారు. బిల్టీ అంటే సామాను రవాణాకి ఇచ్చే రసీదు. బిల్టీ లేదు. 100కి ఫోన్ చేస్తానంటే డ్రైవర్ దిగొచ్చాడు. అసలు సంగతి అప్పుడు తెలిసింది. ఆ ఏజెంటుకి బండే లేదు. అడ్డా మీద కిరాయికి బండి, కూలికి మనుషులు, మధ్యలో అతనికి కమీషన్. డ్రైవర్ కూడా డబ్బు అందక నా సామాను పట్టుకుని కూర్చున్నాడు. చివరికి అడ్వాన్స్‌తో కలిపి 19,500కి తెగింది. పోలీసులు వచ్చేదాకా ఆగాల్సిందని ఇప్పుడనిపిస్తుంది, కానీ రాత్రి పదకొండింటికి రోడ్డు మీద నిలబడ్డవాళ్లకి ఆ ఓపిక ఉండదు.

దింపాక చూస్తే బీరువా అద్దం నిలువునా చీలింది. మిక్సీ లేదు. మా అమ్మ పేరు చెక్కించిన ఇత్తడి బిందె లేదు. అద్దానికి డబ్బులడుగుదామని ఇన్సూరెన్స్ కాగితం అడిగితే, బిల్లు మీదే రాశాం కదా అన్నారు. బిల్లు మీద రాసింది పాలసీ కాదు. బీమా కంపెనీ పేరు, పాలసీ నంబరు ఉన్న కాగితం చేతికొస్తేనే ఆ డబ్బు కట్టండి.

ఆ బిల్లు మీది జీఎస్టీ నంబరు లెక్కపెడితే 13 అక్షరాలే ఉన్నాయి. అసలైనదానికి 15 ఉంటాయి, తెలంగాణలో రిజిస్టరైతే 36తో మొదలవుతుంది, ఆంధ్రప్రదేశ్‌దైతే 37తో. జీఎస్టీ పోర్టల్‌లో నంబరు కొడితే ఎవరి పేరుందో వచ్చేస్తుంది, రెండు నిమిషాల పని. ఇంకా, వీడియో కాల్‌లో ఇల్లంతా చూపించి, వస్తువుల జాబితాతో రేటు వాట్సాప్‌లో రాయించుకోండి. బిల్టీ చేతికి రాకుండా ఒక్క కుర్చీ కూడా ఎక్కించనివ్వకండి. సగం డబ్బు సామాను దిగాకే. బంగారం, సర్టిఫికెట్లు మీ బ్యాగులోనే పెట్టుకోండి, ఈ ఒక్కటీ నేను సరిగ్గా చేశాను.

ఇప్పటికే మోసపోయినవాళ్లు 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి, ఫోన్ చేయండి. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్లలోపు కేసు వేయొచ్చు, కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు. ఆన్‌లైన్‌లోనూ తీసుకుంటారు. నా ఫిర్యాదుకి అంకుల్ తీసిన వీడియో, ఫోన్‌పే రసీదు, ఆ 13 అక్షరాల బిల్లు జతచేశాను. వస్తువుల జాబితాలో బిందె విలువ ఎంత వేయాలో తెలియక ఆ గడి ఒక్కటి చాలాసేపు ఖాళీగా ఉంచాను. చివరికి పాత ఇత్తడి కిలో ధర కనుక్కుని వేశాను.