తెలుగులో ఉచ్చారణ ఇచ్చే ఇంగ్లీష్ వర్డ్స్ యాప్: చాలాకాలం వాడాక నా రివ్యూ

పైన ఇంగ్లీష్ పదం, కింద దాన్ని ఎలా పలకాలో తెలుగు అక్షరాల్లో, దాని కింద అర్థం, పక్కన స్పీకర్ బొమ్మ. యాప్ మొత్తం ఇంతే. పేరు చెప్పట్లేదు, ఎందుకంటే ఇలాంటివి బోలెడున్నాయి, అన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి.

సైలెంట్ లెటర్స్ విషయంలో మాత్రం దీనికి తిరుగులేదు. కల్నల్ అని మనమంతా అనేదాన్ని 'కర్నల్' అని రాసి చూపిస్తుంది, స్పెల్లింగ్‌లో ఆర్ అన్న అక్షరమే లేదు కాబట్టి ఎవరైనా చెప్తే తప్ప మనకి తట్టే చాన్సే లేదు. రిసీట్‌లో పి, డెట్ (అప్పు)లో బి రాస్తాం గానీ పలకం, అవి కూడా అంతే. డెట్‌కి మొదట్లో బి లేనే లేదు, లాటిన్‌లో డెబిటమ్ నుంచి వచ్చిందని చూపించడానికి పండితులు తర్వాత ఇరికించారు, ఇప్పుడు మనం అనుభవిస్తున్నాం. పైగా మనకి ఎ, ఏ వేరువేరుగా ఉన్నాయి కాబట్టి గెట్, గేట్ లాంటివి చూడగానే తేడా తెలిసిపోతుంది.

తెలుగులో రాయలేని సౌండ్స్ దగ్గరే అసలు తంటా. 'వెట్' అని ఒక కార్డు వచ్చింది, అర్థం తడి. కొన్నాళ్లకి ఇంకో 'వెట్', అర్థం పశువుల డాక్టర్. మొదటిదానికి డబ్ల్యూ, పెదాలు గుండ్రంగా చుట్టాలి, రెండోదానికి వి, పై పళ్లు కింది పెదవికి తగలాలి, కానీ యాప్‌లో రెండూ ఒకటే వ. జీరో, జీప్ కూడా అంతే, రెండింటికీ ఒకటే జీ పెట్టేశారు. స్పీకర్ నొక్కి వింటే తప్ప తేడా తెలీదు, కాబట్టి ఆడియో లేని యాప్ అయితే అసలు వద్దు.

ఇంకో పెద్ద లోటు స్ట్రెస్, అంటే పదంలో ఏ భాగాన్ని నొక్కి పలకాలో చెప్పకపోవడం. ఎడారికి 'డెజర్ట్', భోజనం తర్వాత తినే స్వీటుకి 'డిజర్ట్' అని బాగానే రాశారు గానీ మొదటిదాంట్లో బరువు ముందు భాగం మీద, రెండోదాంట్లో వెనక భాగం మీద పడాలని ఎక్కడా చెప్పలేదు. మామూలు డిక్షనరీల్లో బరువు పడే భాగానికి ముందు పైన చిన్న నిలువు గీత పెడతారు, అది తెలుగు అక్షరాల మధ్య పెట్టినా సరిపోయేది, ఎందుకు పెట్టలేదో అర్థం కాదు.

అర్థాలు ఒక్క ముక్కలో తేల్చేస్తారు, నాకు బాగా చిరాకు పుట్టించేది ఇదే. హిస్టారిక్‌కీ, హిస్టారికల్‌కీ రెండింటికీ 'చారిత్రక' అనే ఉంది. మొదటిది చరిత్రలో నిలిచిపోయేంత గొప్పది, రెండోది ఊరికే చరిత్రకి సంబంధించింది, ఒక్కో వాక్యం ఉదాహరణ ఇచ్చి ఉంటే అయిపోయేది. క్రియ ఏదో నామవాచకం ఏదో కూడా చెప్పరు, అడ్వైస్, అడ్వైజ్ రెండూ 'సలహా'నే!

రివిజన్ పద్ధతి మాత్రం బాగుంది. తప్పు చెప్పిన పదం తొందరగా మళ్లీ వస్తుంది, కరెక్ట్‌గా చెప్పింది లేటుగా వస్తుంది. ఎబింగ్‌హౌస్ అనే జర్మన్ ఆయన అర్థం లేని అక్షరాల ముక్కలు బట్టీపట్టి, ఎంత తొందరగా మర్చిపోతామో తన మీదే ప్రయోగం చేసుకుని 1885లో పుస్తకం వేశాడు, ఇలాంటి పద్ధతులకి మూలం అక్కడుంది. నాకైతే పదాలు నిలబడింది దీనివల్లే.

షెడ్యూల్ అని రాసి ఉంటే ఆడియోలో స్కెజూల్ అని వినిపిస్తుంది, అంటే రాసింది బ్రిటిష్, వినిపించేది అమెరికన్. రెండూ కరెక్టే గానీ కొత్తవాళ్లు కన్ఫ్యూజ్ అవుతారు. ఫీడ్‌బ్యాక్ పంపితే థాంక్యూ అని ఆటో రిప్లై వచ్చింది, అంతే సంగతులు.

నేనిప్పుడు ప్రతి కార్డు కింద నోట్స్‌లో ఒక వాక్యం, స్ట్రెస్ ఎక్కడో సొంతంగా రాసుకుంటున్నా. ఫోన్ మారిస్తే స్కోర్ వస్తుంది గానీ ఆ నోట్స్ రావు, కాబట్టి మీరూ రాసుకుంటే ముందే వేరేచోట కాపీ పెట్టుకోండి.